రెండు కరెంటుల తగవు

తాతల నాటి వాల్వు రేడియో ఇంటిలో ఇంకను పదిలముగా నున్నవారు ఒకసారి దానిని వెనుకకు త్రిప్పి చూడవచ్చును. వెనుక అట్టమీద, కరెంటు తీగ లోనికి పోవు రంధ్రము దాపున, ‘ఏ.సి.’ అనియో ‘ఏ.సి./డి.సి.’ అనియో చిన్న అక్షరములు కనబడును. ఆ దినములలో రేడియో కొనబోవు గృహస్థు పెట్టె నునుపును, స్వరమాధుర్యమును విచారించుటకు ముందు, తన వీధిలో వచ్చునది ఏ కరెంటో తెలిసికొనవలసి యుండెను. కలకత్తా వంటి నగరములో ఒక పేటకు ఒక కరెంటు, మఱియొక పేటకు మఱియొక కరెంటు. ఏ.సి.కి మాత్రమే తగిన సెట్టును తెలియక డి.సి. ఉన్న ఇంట తగిలించినచో, పాట వినబడుటకు మాఱుగా లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిన వాసన వచ్చెడిది.

అట్టమీది ఆ పొడి యక్షరముల వెనుక ఒక పెద్ద తగవు కలదు. అది 1886 మొదలుకొని ఇంచుమించు ఏడేండ్లు అమెరికాలో రెండు కంపెనీల నడుమ జరిగినది. శాస్త్రవిషయముగా మొదలై, వ్యాపారములోనికి దిగి, వెక్కిరింతలలోనికి జాఱి, తుదకు ఒక మనుష్యుని ప్రాణముమీదికి వచ్చినది.

డి.సి. యనగా ఏకముఖ విద్యుత్తు. కాలువలో నీటివలె అది ఎల్లప్పుడును ఒకే దిక్కునకు పోవును. ఏ.సి. యనగా ఏకాంతర విద్యుత్తు. ఇద్దఱు చెఱియొక కొస పట్టి లాగు ఱంపమువలె అది ముందునకును వెనుకకును పోవుచు వచ్చుచు నుండును. మన దేశములో సెకనుకు 50 మారులు. ఱంపము ఎటు పోయినను కొయ్య తెగుచునే యుండును గదా! అట్లే ఏ.సి. ఎటు పోయినను దీపము వెలుగుచునే యుండును. అసలు భేదము మఱియొక చోట నున్నది. విద్యుత్తును దూరము పంపవలె నన్నచో దాని ఒత్తిడిని, అనగా వోల్టేజిని, హెచ్చింపవలెను. ఒత్తిడి హెచ్చినకొలది అదే శక్తిని సన్నని తీగమీద, తక్కువ నష్టముతో పంపవచ్చును. ఏ.సి. ఒత్తిడిని ట్రాన్స్‌ఫార్మరు అను కదలిక లేని సాధనముతో కావలసినంత ఎక్కించి, మరల ఇంటి ముంగిట దింపవచ్చును. డి.సి.కి ఆ కాలమున అట్టి సులభోపాయము లేదు. తగవంతయు ఈ ఒక్క చిక్కునుండియే పుట్టినది.

థామస్ ఆల్వా ఎడిసన్ 1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరములో పెరల్ స్ట్రీటు విద్యుత్కేంద్రమును ప్రారంభించెను. మొదటి దినమున వెలిగినవి సుమారు 400 దీపములు. అది డి.సి.; ఒత్తిడి 110 వోల్టులు. తీగలు నేలలో పాతిపెట్టబడెను. పని చక్కగా జరిగెను. ఆ ఒత్తిడిలో పెద్ద ప్రమాదము లేదు; మోటారులు నడచును; బ్యాటరీలలో నిలువ చేసికొనవచ్చును. ఉన్న లోపమెల్ల ఒక్కటే: కేంద్రమునుండి సుమారు ఒక మైలు దాటినచో దీపము మినుకుమినుకు మనును. అనగా పెద్ద పట్టణమునకు మైలు మైలునకు ఒక విద్యుత్కేంద్రము వలయును. లావైన రాగి కడ్డీలు టన్నుల కొలది వలయును. ఇండ్లు దగ్గఱ దగ్గఱగా నున్న ధనికుల పేటలకు ఈ ఏర్పాటు తగినదే. చెదరిన ఇండ్ల చిన్న పట్టణమునకు ఇది అందని పండు. ఇంతలో 1887 ప్రాంతమున ఫ్రాన్సులోని వర్తకులు కొందఱు కూడి ప్రపంచములోని రాగిని గుత్తకు పట్టబూనుటతో రాగి ధర ఆకాశమున కెక్కెను.

రైలుబండ్లకు గాలి బ్రేకును కనిపెట్టి ధనవంతుడైన పిట్స్‌బర్గు నివాసి జార్జి వెస్టింగ్‌హౌస్ ఈ లోపమును చక్కగా గుర్తించెను. ఐరోపాలో గొలార్డు, గిబ్స్ అను వారు చేసిన ట్రాన్స్‌ఫార్మరు హక్కులను కొనెను. ఆయన యొద్దనున్న విలియం స్టాన్లీ అను ఇంజనీరు దానిని బాగుచేసి 1886 మార్చిలో గ్రేట్ బారింగ్టన్ అను చిన్న యూరిలో అంగళ్లకు ఏ.సి. దీపములు పెట్టి చూపెను. ఆ సంవత్సరము నవంబరునాటికి బఫలో నగరములో వ్యాపారము మొదలయ్యెను. వీధి తీగలో 1,000 వోల్టులు. ఇంటిలోనికి వచ్చుసరికి వందలోపు. రెండు మూడేండ్లలో ఎడిసన్ చేరలేని చిన్న పట్టణములలో వెస్టింగ్‌హౌస్ దీపములు వెలుగజొచ్చెను. 1888లో నికోలా టెస్లా చేసిన ఏ.సి. మోటారు హక్కులను కూడ ఆయన కొనుటతో, ఏ.సి. దీపములకే గాని పనిముట్లకు పనికిరాదను మాటయు పోయెను. ఈ టెస్లా అంతకు నాలుగేండ్ల క్రిందట ఎడిసన్ కొలువులో కొలదికాలము పనిచేసి వెడలిపోయినవాడే.

ఎడిసన్‌కు దీనిపై భయము లేకపోలేదు. అది కేవలము వ్యాపారభయము కాదు. అత్యధికమైన ఒత్తిడిని జనుల నెత్తిమీద తీగలలో నడపుట ప్రాణాపాయమని ఆయన నిజముగానే నమ్మెను. ఏ కొలది పాటి యేర్పాటు చేసినను ఆరు నెలలలో వెస్టింగ్‌హౌస్ తన ఖాతాదారుని ఎవనినో ఒకని చంపి తీరునని 1886 నవంబరులో తన అనుచరున కొక లేఖ వ్రాసెను. ఆనాటి న్యూయార్కు వీధులను ఛాయాచిత్రములలో చూచినవారు ఆ భయమును తీసివేయజాలరు. టెలిగ్రాఫు, టెలిఫోను, ఆర్కు దీపములు, అగ్నిప్రమాద సూచకములు—ఒక్కొక్క స్తంభమునకు డజన్లకొలది తీగలు సాలెగూడువలె వ్రేలాడుచుండెను. పట్టు విడిన తీగను తీయు నాథుడు లేడు. అట్టి తీగను ముట్టి 1888 ఏప్రిలులో పదునైదేండ్ల బాలుడొకడు మరణించెను. ఐనను ఇందులో చెప్పవలసిన మాట యొకటి కలదు: ఆ వీధులలోని ఆర్కు దీపములలో పెక్కు హెచ్చు ఒత్తిడి గల డి.సి.తో నడచినవే. మృత్యువు తీగలోని ఒత్తిడిని చూచినదే గాని, అది ఎటు పోవుచున్నదని అడుగలేదు. ఈ సంగతి ఎడిసన్ పక్షమువారి కరపత్రములలో పెద్దగా కనబడదు.

కరపత్రములలో మొదటిది 1888 ఫిబ్రవరిలో వెలువడెను. ఎఱ్ఱని అట్ట, ‘హెచ్చరిక’ అను పేరు, ఎనుబదికి పైగా పుటలు. పోటీకంపెనీలు పేటెంటుల దొంగలనియు, వారి సరకు ప్రాణాంతకమనియు అందులో సారాంశము. చచ్చినవారి జాబితా కూడ జతపఱుపబడెను. సరకు నమ్ముకొనువారు ఎదుటివాని సరకు కొన్నచో చత్తురని పుస్తకమచ్చొత్తించి పంచుట వ్యాపారచరిత్రలో అంత తఱచుగా కనబడు విషయము కాదు. 1888 జూనులో వెస్టింగ్‌హౌస్ ఈ వైరము మనకేల యని ఎడిసన్‌కు మర్యాదగా లేఖ వ్రాసి, పిట్స్‌బర్గునకు వచ్చి చూడుమని పిలిచెను. ప్రయోగశాల పనులతో తనకు తీరిక లేదని ఎడిసన్ జవాబిచ్చెను.

ఆ నెలలోనే రంగస్థలము మీదికి హెరాల్డ్ బ్రౌన్ అను ఇంజనీరు ప్రవేశించెను. ఏ.సి. పాడు కరెంటనియు, చట్టము చేసి దానిని 300 వోల్టులకు మించనీయరాదనియు పత్రికకు వ్రాసెను. 300 వోల్టులకు కట్టిపడవేసినచో ఏ.సి. దూరము పోజాలదు; పోజాలనిచో దానికిని డి.సి.కిని భేదము లేదు. ఇది ఏనుగును పెంచుకొనవచ్చును గాని దానికి తొండ ముండరాదనుట వంటిది. ఏ కంపెనీతోను తనకు సంబంధము లేదనియు, ప్రజాక్షేమమే తన కోరిక యనియు ఆయన చెప్పుకొనెను. ఐనను ప్రయోగములకు ఎడిసన్ ప్రయోగశాల తలుపులు ఆయనకు తెఱవబడెను. వీధి బాలురకు పావు డాలరు చొప్పున ఇచ్చి కుక్కలను తెప్పించి, వానిపై రెండు కరెంటులను పరీక్షించెను. జూలై 30వ తేదీన కొలంబియా కళాశాలలో పత్రికలవారి యెదుట ఒక పెద్ద కుక్కను నిలిపి, డి.సి.ని 1,000 వోల్టులదాక పట్టించెను. అది బాధపడెను గాని చావలేదు. పిమ్మట 330 వోల్టుల ఏ.సి. పట్టించెను, అది చచ్చెను. అంతకుముందే సగము చచ్చిన జంతువుపై రెండవ పరీక్ష ఏమి తేల్చునని చూపరులలో కొందఱు గొణిగిరి. రెండవ కుక్కను తెచ్చుసరికి జంతుసంరక్షణ సంఘమువాడు వచ్చి ఆపెను. డిసెంబరులో దూడల వంతు, గుఱ్ఱము వంతు వచ్చెను.

ఆ డిసెంబరులోనే బ్రౌన్ పత్రికాముఖమున వెస్టింగ్‌హౌసును ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. కత్తులతో కాదు. ఏ.సి. నిరపాయకరమని చెప్పు పెద్దమనుష్యుడు తన శరీరములోనికి ఏ.సి. పట్టించుకొనవలెను, తాను డి.సి. పట్టించుకొనును. నూఱు వోల్టులతో మొదలిడి ఏబదేసి చొప్పున హెచ్చించుచు పోవలెను. ఎవడు ముందు ‘చాలు’ అని కేక వేయునో వాడు తన పొరపాటును బహిరంగముగా ఒప్పుకొనవలెను. పత్రికలవారికి ఇంతకంటె పండుగ ఏమి కావలయును? వెస్టింగ్‌హౌస్ దీనికి ఒడబడలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వెక్కిరింత ఇంతవఱకు కుక్కలతోను కరపత్రములతోను నడచినది. న్యూయార్కు రాష్ట్రము ఉరిశిక్షకు బదులు విద్యుత్తుతో మరణశిక్ష నమలుపఱచు చట్టమును 1888 జూనులో చేసినప్పటినుండి వ్యవహారము వేఱొక దారి పట్టెను. బఫలోలోని దంతవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ సౌత్‌విక్ ఈ పద్ధతికి మూలపురుషుడు. ఆయన 1887లో ఎడిసన్ సలహా నడుగగా, మరణశిక్షయే తనకు సమ్మతము కాదని ఎడిసన్ మొదట తప్పుకొనెను. రెండవ లేఖకు మాత్రము సమాధానము మాఱెను: ఈ పనికి ఏ.సి. యంత్రములు మిక్కిలి తగినవి. వానిని ఈ దేశములో ముఖ్యముగా తయారుచేయునది జార్జి వెస్టింగ్‌హౌస్. మరణశిక్షను అసహ్యించుకొన్న మనుష్యుడు పోటీదారుని చిరునామాతో సహా దానికి సాధనము చూపించెను. ఎడిసన్‌ను గౌరవించువారికి—ఆ లెక్కలో నేనును ఉన్నాను—ఈ లేఖ మ్రింగుడుపడదు.

క్రొత్త శిక్షకు ఒక పేరు కావలసివచ్చెను. ఎడిసన్ పక్షపు న్యాయవాది యొకడు ఏవో లాటిను, గ్రీకు మాటలను కలిపి కొన్ని పేర్లు కూర్చి, వానికంటె సులభమైన దారి యొకటి కలదనెను. ఫ్రాన్సులో గియతాన్ అను వైద్యుని పేరు తల నఱకు యంత్రమునకు పెట్టబడెను గదా; అట్లే ఇకమీదట ఖైదీని ‘వెస్టింగ్‌హౌస్ చేసిరి’ అనవచ్చును; ఆ మహనీయుడు లోకమునకు చేసిన సేవకు ఇది తగిన సత్కారము. తన సరకు శిక్షకు వాడుటకు వెస్టింగ్‌హౌస్ ఒప్పుకొనడు గనుక, బ్రౌన్ ఆయన డైనమోలను దొడ్డిదారిన, పాత సామానుగా సంపాదించి చెఱసాలలకు చేర్చెను.

1889 ఆగస్టు 25వ తేదీన ‘న్యూయార్కు సన్’ పత్రిక బ్రౌన్ బల్లలోనుండి ఎవరో దొంగిలించిన లేఖలను ప్రకటించెను. ప్రజాక్షేమము తప్ప వేఱు సంబంధము లేని ఆ ఇంజనీరునకు ఎడిసన్ కంపెనీ సహాయము చేసినదనియు, డైనమోల కొనుగోలులో థామ్సన్–హ్యూస్టన్ అను మఱియొక కంపెనీ చేయి కూడ నున్నదనియు లోకమునకు తెలిసెను.

కాని అక్టోబరు 11వ తేదీన జరిగిన ఘోరముతో లేఖల సంగతి వెనుకబడెను. న్యూయార్కు నడివీధిలో, మధ్యాహ్న భోజనవేళ, జాన్ ఫీక్స్ అను తీగపనివాడు నిరపాయమైన టెలిగ్రాఫు తీగ యనుకొని ముట్టినది, ఎక్కడనో ఏ.సి. తీగకు తగిలియున్న తీగ. వేలాది జనుల కన్నులయెదుట అతని శరీరము చాలసేపు ఆ తీగలలోనే చిక్కుకొని వ్రేలాడెను. ఎడిసన్ నవంబరులో ‘నార్త్ అమెరికన్ రివ్యూ’ పత్రికలో వ్యాసము వ్రాసి ఏ.సి.ని పూర్తిగా నిషేధింపవలె ననెను. నేలలో పాతినను లాభము లేదు, మృత్యువు వీధినుండి ఇంటిలోనికి వచ్చునంతే యని ఆయన వాదము. డిసెంబరులో అదే పత్రికలో వెస్టింగ్‌హౌస్ బదులు చెప్పెను. 1888లో ఆ నగరములో ట్రాముబండ్ల క్రింద పడి 64 మంది, ఇతర బండ్ల వలన 55 మంది, దీపపు గ్యాసు వలన 23 మంది చనిపోగా విద్యుత్తు వలన చనిపోయినవారు అయిదుగురని లెక్క చూపెను. లెక్క సరియైనదే కావచ్చును. వీధిలో వ్రేలాడిన శవమును చూచినవారికి లెక్కలు రుచించునా? మేయరు ప్రమాదకరమైన తీగలను నఱికింప నారంభించెను. తీగలు నేలలోనికి పోయిన పిమ్మటనే ఆ నగరము తెఱిపి పడినది. ఎడిసన్ మొదటినుండియు చెప్పినది, చేసినది కూడ అదే. ఆ మేరకు ఆయనకు కీర్తి చెందవలెను.

ఇక విలియం కెమ్లర్ అను వాని సంగతి. బఫలోలో బండిమీద కూరగాయలమ్ముకొను త్రాగుబోతు. తనతో కాపురముండిన స్త్రీని 1889 మార్చిలో గొడ్డలితో నఱికి చంపెను. నేరము చేయలేదని వాడును అనలేదు. కొత్త చట్టము క్రింద విద్యుత్తుతో చంపబడవలసిన మొదటివాడు వాడయ్యెను. అంతట ఆ చదువురాని బీదవాని పక్షమున బోర్క్ కాక్రన్ అను మహావకీలు వచ్చి నిలిచెను. ఆయన ఫీజు ఎవరిచ్చిరని ఊరంతయు గుసగుసలాడెను. అందఱి వ్రేళ్లును వెస్టింగ్‌హౌసు వైపే చూపెను. ఈ శిక్ష క్రూరమగునా కాదా యను విచారణలో ఎడిసన్, బ్రౌన్ ఇరువురును సాక్ష్యమిచ్చిరి, ఏ.సి. క్షణములో నొప్పి లేకుండ చంపునని. అమెరికా సుప్రీం కోర్టు 1890 మేలో ఖైదీ వాదమును త్రోసివేసెను. ఒక కంపెనీకి వాడు చావవలెను, మఱియొక కంపెనీకి వాడు బ్రదుకవలెను. వాడెవడో, వానికేమి కావలెనో ఉభయులకును అక్కఱలేదు.

1890 ఆగస్టు 6వ తేదీ ఉదయమున ఆబర్న్ చెఱసాలలో కెమ్లర్‌ను కుర్చీలో కూర్చుండబెట్టిరి. వాడు గాబరా పడలేదు. పని సరిగా చేయుడని అధికారులతోనే చెప్పెనట. పదునేడు సెకనులు కరెంటు నడిపి ఆపివేసి వైద్యులు వాడు చనిపోయె ననిరి. నేటినుండి మనము మఱింత ఉన్నతమైన నాగరకతలో జీవించుచున్నామని సౌత్‌విక్ అనినట్లు పత్రికలు వ్రాసెను. ఆ మాట ముగియకముందే ఎవరో చూచిరి: కుర్చీలోని మనుష్యుడు ఊపిరి తీయుచున్నాడు. డైనమో మరల వేగమందుకొనువఱకు అందఱును ఆ ఊపిరి వినుచు నిలువవలసివచ్చెను. రెండవ మారు జరిగినదానిని నేను వర్ణింపను. చూచినవారిలో కొందఱు బయటికి పరుగెత్తిరి. దీనికంటె గొడ్డలి వాడియుండిన మేలుగా నుండెడిదని వెస్టింగ్‌హౌస్ అనెనందురు. అప్పటికిని ఆయన నాలుకయందు వ్యంగ్యము వదలలేదు.

ఇంత జరిగియు తగవు తీర్చినది కెమ్లర్ మరణము కాదు, కుక్కల మరణమును కాదు; రాగి ధరయు, మైళ్ల దూరమును. 1892లో ఎడిసన్ కంపెనీని థామ్సన్–హ్యూస్టన్‌తో కలిపి ‘జనరల్ ఎలక్ట్రిక్’ అని పేరు పెట్టిరి. ఎడిసన్ పేరు దానిలోనుండి జాఱిపోయెను. ఏ.సి. యంత్రములను చేయుట ఆ కొత్త కంపెనీకి ముఖ్యమైన పని యయ్యెను. 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనమునకు దీపములు పెట్టు పనిని వెస్టింగ్‌హౌస్ తక్కువ ధరకు పాడుకొనెను. 1896 నవంబరులో నయాగరా జలపాతపు విద్యుత్తు బఫలోకు చేరెను. జలపాతము కడ డైనమోలు వెస్టింగ్‌హౌస్‌వి. బఫలోకు తీగలు లాగినది జనరల్ ఎలక్ట్రిక్. నిన్నటి విరోధులు ఒకే తీగకు చెఱియొక కొస పట్టిరి. అమెరికా విద్యుదింజనీర్ల సంఘము ఎడిసన్ పేరిట స్థాపించిన పతకమును 1911 సంవత్సరమునకు వెస్టింగ్‌హౌసునకును, 1916 సంవత్సరమునకు టెస్లాకును ఇచ్చెను.

టాప్సీ యను ఏనుగును ఎడిసన్ ఏ.సి.తో చంపించి చూపెనను కథ ఈనాటికిని తఱచుగా వినబడును. ఆ ఏనుగు చనిపోయినది 1903లో; చంపించినది వినోదోద్యానపు యజమానులు; ఎడిసన్ పేరుగల చలనచిత్ర కంపెనీ దానిని ఫిలిము తీసెను. తగవు ముగిసి అప్పటికి పదేండ్లు దాటినది. ఎడిసన్ తలమీద ఉన్న బరువు చాలును. ఏనుగును కూడ ఎక్కింపనక్కఱలేదు.

ఈ కథలో మన ప్రాంతమునకు సంబంధించిన ముక్క యొకటి కలదు. మైసూరు సంస్థానమువారు కావేరిమీద శివసముద్రము కడ విద్యుత్కేంద్రమును కట్టి, 1902 జూనులో 147 కిలోమీటర్ల దూరమున నున్న కోలారు బంగారు గనులకు ఏ.సి.ని పంపిరి. ఆనాటికి ప్రపంచములోని సుదీర్ఘమైన లైనులలో అది యొకటి. కోలారు సీమ తెలుగు విరివిగా వినబడు సీమ. నేటి చిత్తూరు జిల్లా అప్పటికింకను భాగముగా నుండిన ఉత్తరార్కాటునుండి కుటుంబములు కూలికై ఆ గనులకు పోవుచుండెను. అంత దూరము డి.సి. ఆ దినములలో వచ్చియుండెడిది కాదు. ఆ విద్యుద్యంత్రములను సరఫరా చేసినదెవరు? జనరల్ ఎలక్ట్రిక్, ఎఱ్ఱ అట్ట పుస్తకమును అచ్చొత్తించిన కంపెనీకి సాక్షాత్తు వారసురాలు.

ఎడిసన్ డి.సి. న్యూయార్కులో 2007 నవంబరు దాక ప్రాణముతో నుండెను. పాత భవనములలో లిఫ్టు మోటారుల కొఱకు కొందఱు ఖాతాదారులు దానిని వదలలేదు. నూటయిరువదియైదేండ్ల సేవ! మన రేడియోలో మాత్రము రెండు కరెంటులును ఎప్పుడును కలిసియే కాపురము చేసినవి. గోడలోనుండి సెట్టులోనికి వచ్చునది ఏ.సి.; వాల్వుల పలకలకు కావలసినది డి.సి. నడుమ రెక్టిఫయరు అను వాల్వు నిలిచి, ఱంపపు రాకపోకలను ఒకే దిక్కునకు మరల్చును. కండెన్సర్లు దానిని వడగట్టును. ఆ కండెన్సర్లు పాతబడినచో వడపోత చాలక, వార్తలకు ముందటి నిశ్శబ్దములో తుమ్మెద రొదవంటి సన్నని నాదము సెట్టులోనుండి వినబడును. ఎన్నడో విసుగుతో మనము పెట్టెమీద ఒక చఱుపు చఱచి యుందుము. అది లోనికి జొఱబడిన ఏ.సి. గొంతు.